గోదావరి జిల్లా

మద్రాసు ప్రెసిడెన్సీలో 1859లో ఏర్పడిన జిల్లా ఇది. 1904లో పడమటి గట్టు తాలూకాలు దీని నుంచి కృష్ణా జిల్లాకు వెళ్లాయి. 1925లో ఆ తాలూకాలతోనే పశ్చిమ గోదావరి ఏర్పడినప్పుడు, మిగిలిన పాత జిల్లాకు తూర్పు గోదావరి అని పేరు పెట్టారు. 2011 జనాభా లెక్కల నాటికి తూర్పు గోదావరి విస్తీర్ణం 10,807 చదరపు కిలోమీటర్లు, జనాభా 51 లక్షలకు పైగా. పశ్చిమ గోదావరి విస్తీర్ణం 7,742 చదరపు కిలోమీటర్లు, జనాభా 39 లక్షలకు పైగా. భారతదేశంలో జిల్లా సరిహద్దులు ఎలా పుడతాయో, ఎందుకు మారుతాయో తెలుసుకోవడానికి ఈ జిల్లా చరిత్ర చక్కని ఆధారం.

నైసర్గిక స్వరూపం

జిల్లా వాసులు తమ నేలను మెట్ట, డెల్టా, మన్యం అని మూడుగా చెప్పుకుంటారు. పాపికొండల మధ్య ఇరుకు దారిలో వచ్చిన గోదావరి పోలవరం దాటాక మైదానంలో పడుతుంది. ధవళేశ్వరం దిగువన గౌతమి, వసిష్ఠ అని రెండు పెద్ద పాయలవుతుంది. వసిష్ఠ నుంచి వైనతేయం విడిపోతుంది. గౌతమికీ వసిష్ఠకూ నడుమ ఉన్నది కోనసీమ.

ఈ డెల్టాలో ఏటి ఒడ్డే మెరక. వేల ఏళ్లుగా వరదలు తెచ్చిన ఒండ్రు ఒడ్డున పేరుకుపోవడంతో, గట్టు నుంచి దూరం వెళ్లేకొద్దీ నేల పల్లమవుతుంది. కాబట్టి ఒడ్డు వెంట తవ్విన కాలువ నీరు రెండు పక్కల పొలాలకూ తనంతట తానే జారుతుంది. ఈ వాలు లేకపోతే ఆనకట్ట కట్టినా ఇంత నేల తడిసేది కాదు. పడమటి వాలు కొల్లేరు సరస్సు వైపు దిగుతుంది.

నది మధ్య తేలే లంకల తీరు వేరు. ఒక ఏటి వరద ఒక లంక అంచును కోసుకుపోతుంది, మరో ఏటి వరద ఇంకోచోట కొత్త మేట వేస్తుంది. అందుకే రెవెన్యూ శాఖ లంక భూములకు మామూలు పొలాల పద్ధతి వర్తింపజేయకుండా, కోతకూ మేటకూ తగ్గట్టు మళ్లీ మళ్లీ కొలిపించి కౌలుకు ఇచ్చేది. పేరుపడిన లంక పొగాకు ఈ మేటల మీద పండిందే.

కంపెనీకి ముందు

వేంగి చాళుక్యులు, వారిలో రాజమహేంద్రవరం (రాజమండ్రి) నుంచి ఏలిన రాజరాజనరేంద్రుడు, తర్వాత కాకతీయులు, రెడ్డి రాజులు, గజపతులు, కుతుబ్‌షాహీలు వరసగా ఈ నేలను పాలించారు. నిజాముల కాలానికి ఉత్తర సర్కారులు ఐదు: శ్రీకాకుళం, రాజమహేంద్రవరం, ఏలూరు, కొండపల్లి, గుంటూరు. మొదటి నాలుగింటినీ 1753లో నిజాం ఫ్రెంచి సేనాని బుస్సీకి సైన్యం ఖర్చుల కింద అప్పగించాడు. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర కర్నల్ ఫోర్డ్, విజయనగరం రాజు ఆనంద గజపతి సేనలతో కలిసి ఫ్రెంచివారిని ఓడించాడు. ఆ ఒక్క పోరుతో ఈ ప్రాంతపు భవిష్యత్తు మారింది. 1765లో మొగలు చక్రవర్తి షా ఆలం ఫర్మానా ద్వారా, 1766లో నిజాంతో ఒప్పందం ద్వారా సర్కారులు ఈస్టిండియా కంపెనీకి దక్కాయి. గుంటూరు మాత్రం 1788 వరకు ఆగింది.

కలెక్టర్లు, జమీందార్లు

తొలి మూడు దశాబ్దాలు కంపెనీ ఈ ప్రాంతాన్ని మచిలీపట్నం, విశాఖపట్నాల్లోని ఛీఫ్, కౌన్సిల్ పద్ధతిలో నడిపింది. పేరుకు పాలన, పనికి వర్తకం. 1794లో ఆ కౌన్సిళ్లను రద్దు చేసి కలెక్టర్లను నియమించారు. కాకినాడ, రాజమహేంద్రవరం, మొగల్తూరు కేంద్రాలుగా కలెక్టరు విభాగాలు ఏర్పడ్డాయి. జిల్లా అనే పాలనా విభాగానికి ఇక్కడ మొదలు అదే. కలెక్టరు అంటే శిస్తు వసూలు చేసేవాడు. మిగతా అధికారాలన్నీ క్రమంగా ఆ పదవికి వచ్చి చేరినవే.

1802-03లో వచ్చిన శాశ్వత పన్ను నిర్ణయం (పర్మనెంట్ సెటిల్‌మెంట్) పెద్దాపురం, పిఠాపురం వంటి పాత జమీందారీలకు పట్టాలిచ్చింది. ప్రభుత్వం చేతిలో నేరుగా ఉన్న హవేలీ భూములను కూడా ముఠాలుగా విడగొట్టి వేలం వేశారు. ఆ వేలంలో కొన్నవారిలో చాలామంది శిస్తు కట్టలేక చేతులెత్తేశారు. 1840ల నాటికి ముఠాల్లో ఎక్కువ భాగం తిరిగి సర్కారు పరమైంది. రైతుతో నేరుగా లెక్క చూసుకునే రైతువారీ పద్ధతి ఇక్కడ స్థిరపడింది ఆ తర్వాతే.

ఆ నడిమి కాలం ఈ నేల మీద చాలా కఠినమైనది. 1832-33 కరువును, అస్థిపంజరాల్లా మిగిలిన మనుషుల డొక్కలను బట్టి, జనం డొక్కల కరువు అన్నారు. 1839 తుపాను కోరంగి రేవును ముంచెత్తింది. 1821లో ఏడు లక్షల ముప్ఫై వేలకు పైగా ఉన్న రాజమండ్రి జిల్లా జనాభా 1841 నాటికి అయిదు లక్షల అరవై వేల దగ్గరకు పడిపోయింది. పక్కనే నిండు గోదావరి పారుతుండగా ఇంత నష్టం జరగడం పాలకులను చివరికి కదిలించింది. 1844లో సర్ హెన్రీ మాంట్‌గోమరీ జిల్లా స్థితిని విచారించి, నీటిపారుదల పనుల కోసం గట్టిగా వాదించాడు.

ఆనకట్ట, 1859 పునర్విభజన

సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. నదిలోని లంకలను మధ్య మధ్య ఆసరాగా చేసుకుని ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా దీన్ని కట్టారు. నాలుగూ కలిపి రాతికట్టు పొడవు మూడున్నర కిలోమీటర్లు దాటేది. పనివారిని కూడగట్టి నడిపించిన వీణెం వీరన్న పేరును ఈ ఆనకట్ట చరిత్రలో కాటన్ పేరు పక్కనే చెప్పుకోవాలి. తూర్పు డెల్టా, మధ్య డెల్టా, పశ్చిమ డెల్టా అని ఇంజనీర్లు పెట్టిన పేర్లు ఈనాటికీ రైతుల నోట ఉన్నాయి.

కాలువలు వచ్చాక పాత గీతలు పొసగలేదు. అప్పటికి ఈ ప్రాంతం రాజమండ్రి, మచిలీపట్నం, గుంటూరు అనే మూడు జిల్లాలుగా ఉండేది. 1859లో ఈ మూడింటినీ కలిపి, గోదావరి, కృష్ణా అనే రెండు జిల్లాలుగా మార్చారు. ఫలితంగా గోదావరి కాలువల కింది మాగాణి దాదాపు అంతా ఒకే కలెక్టరు చేతికి వచ్చింది. కోట పేరో ఊరి పేరో కాక నది పేరే జిల్లా పేరైంది. నీటిని బట్టి గీసిన ఈ సరిహద్దు జిల్లా చరిత్రలో అన్నిటికంటే తెలివైన విభజన అనదగినది. పై కాలువ తూముకూ చివరి పొలానికీ తగవు వస్తే తీర్చే అధికారి ఒక్కడే ఉండేవాడు.

కలెక్టరు కాకినాడలో, జిల్లా జడ్జి రాజమహేంద్రవరంలో ఉండటం ఈ జిల్లాలో ఒక విశేషమైన ఏర్పాటు. కోరంగి రేవు పూడిపోయేకొద్దీ కాకినాడ పెరిగింది. కాలువల మీద పడవల్లో ధాన్యం అక్కడికే చేరేది. శిస్తు పనికి కాకినాడ, దావాల పనికి రాజమండ్రి వెళ్లడం తరాల తరబడి జిల్లా వాసులకు అలవాటైంది. హెన్రీ మోరిస్ 1878లో, ఎఫ్.ఆర్. హెమింగ్వే 1907లో వెలువరించిన జిల్లా గ్రంథాలు ఆ కాలపు తాలూకాలను, శిస్తులను, ఆచారాలను ఎంతో వివరంగా నమోదు చేశాయి.

మన్యం

భద్రాచలం, రేకపల్లి తాలూకాలు గోదావరి ఎడమ గట్టున ఉన్న నిజాం ప్రాంతాలు. 1860లో బ్రిటిషువారికి దక్కి, కొంతకాలం సెంట్రల్ ప్రావిన్సెస్‌లోని ఎగువ గోదావరి జిల్లాలో ఉండి, 1874లో గోదావరి జిల్లాలో కలిశాయి. అదే 1874లో వచ్చిన షెడ్యూల్డు జిల్లాల చట్టంతో కొండ ప్రాంతాలకు మామూలు చట్టాలు వర్తించని ప్రత్యేక పాలన ఏర్పడింది. అక్కడ కలెక్టరు ప్రభుత్వ ఏజెంటు. ఏజెన్సీ అన్న మాట అలా నిలిచింది.

1879లో రంప ప్రాంతంలో తిరుగుబాటు లేచింది. ఆ ప్రాంతానికి జమీందారు వంటివాడైన మన్సబుదారు దోపిడీ ఒక కారణం. తరతరాలుగా కొండవారు స్వేచ్ఛగా గీసుకునే కల్లు మీద పన్ను రెండో కారణం. ద్వారబంధాల చంద్రయ్య, కారం తమ్మన్నదొర, అంబుల్ రెడ్డి ముందు నిలిచారు. సర్కారు మన్సబును రద్దు చేసి, అతని కింద ఉన్న కొండ ముఠాదారులతో నేరుగా ఒప్పందాలు చేసుకుంది. అయినా అటవీ ఆంక్షలు, వెట్టి ఆగలేదు. 1922 నుంచి 1924 వరకు అల్లూరి సీతారామరాజు నడిపిన పోరాటం విశాఖ, గోదావరి జిల్లాల ఏజెన్సీలు రెండింటా సాగింది. పోలీసు శాఖకు జిల్లా సరిహద్దు ఉండేది. అడవి దారులు తెలిసిన ఆయన దళానికి అది అడ్డు కాలేదు.

స్వాతంత్ర్యం తర్వాత రాజ్యాంగం అయిదో షెడ్యూలు కింద, ఆపై 1/70గా జనం చెప్పుకునే 1970 భూబదలాయింపు నిబంధన కింద, మన్యానికీ మైదానానికీ మధ్య గీత మరింత బలపడింది. పక్కపక్కనే ఉన్న రెండు పొలాల్లో ఒకటి షెడ్యూల్డు గ్రామంలో ఉంటే దాన్ని గిరిజనేతరుడు కొనడానికి వీల్లేదు. ఈ ప్రాంతపు సరిహద్దుల్లో మనిషి బతుకును ఇంత నేరుగా తాకేది మరొకటి లేదు.

రెండు గోదావరులు

1904లో ప్రభుత్వం నది మధ్యనే గీత గీసింది. ఏలూరు, యర్నగూడెం, తణుకు, భీమవరం, నరసాపురం తాలూకాలు కృష్ణా జిల్లాకు వెళ్లాయి. కృష్ణకు దక్షిణాన ఉన్న తాలూకాలు కొత్తగా ఏర్పడిన గుంటూరు జిల్లాకు వెళ్లాయి. నరసాపురం తాలూకాలో నగరం లంక ఒక్కటి వసిష్ఠకు తూర్పున ఉంది కనుక దాన్ని గోదావరి జిల్లాలోనే ఉంచారు. 1859లో ఒక్కటి చేసిన డెల్టాను ఇలా చీల్చడం పాలనా సౌలభ్యం కోసమే జరిగింది. పశ్చిమ డెల్టా రైతు నీళ్లకు ధవళేశ్వరం వైపు, శిస్తుకు మచిలీపట్నం వైపు చూడవలసి వచ్చింది. 1925లో ఏలూరు కేంద్రంగా పశ్చిమ గోదావరి ఏర్పడటంతో ఆ ఇబ్బంది కొంత తీరింది. నదికి పడమట ఉన్న పోలవరం ఏజెన్సీ తాలూకా మాత్రం 1940వ దశకం దాకా తూర్పు గోదావరితోనే ఉంది. అప్పటి తూర్పు గోదావరి నేల మధ్యనే ఉన్న యానాం 1954 వరకు ఫ్రెంచి పాలనలో సాగి, ఇప్పుడు పుదుచ్చేరిలో భాగం.

మండలాలు, ఆ తర్వాత

1948 చట్టంతో జమీందారీలు పోయాయి. 1959లో భద్రాచలం, నూగూరు తాలూకాలను ఖమ్మం జిల్లాలో కలిపారు. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కరణం, మునసబు పదవులను రద్దు చేసింది. అడంగలు చేతిలో పట్టుకుని ఊరి పొలాలన్నీ నోటి లెక్కన చెప్పే కరణం స్థానంలో బదిలీల మీద వచ్చే ఉద్యోగి కూర్చున్నాడు. 1985లో తాలూకాల బదులు చిన్న మండలాలు వచ్చాయి. తూర్పు గోదావరిలోనే అరవై దాకా ఏర్పడ్డాయి. కుల ధ్రువపత్రానికో పట్టా నకలుకో రోజంతా ప్రయాణం చేసే పేదకు ఇది నిజమైన మేలు.

2014 రాష్ట్ర విభజన సమయంలో పోలవరం ప్రాజెక్టు ముంపు మండలాలను ఖమ్మం జిల్లా నుంచి ఆంధ్రప్రదేశ్‌కు చేర్చారు. కుక్కునూరు, వేలేరుపాడు పశ్చిమ గోదావరికి, చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం తూర్పు గోదావరికి వచ్చాయి. భద్రాచలం మండలంలో భద్రాచలం ఊరు తెలంగాణలో మిగలగా, చుట్టూ ఉన్న ఎటపాక, పురుషోత్తపట్నం వంటి గ్రామాలు ఆంధ్రలోకి వెళ్లాయి. రామాలయం ఒక రాష్ట్రంలో, ఆలయ భూములు ఇంకో రాష్ట్రంలో పడ్డాయి.

2022 ఏప్రిల్ 4న రాష్ట్రాన్ని 26 జిల్లాలుగా విభజించినప్పుడు రెండు గోదావరులూ మళ్లీ మారాయి. కాకినాడ, ఏలూరు వేరు జిల్లాలయ్యాయి. అమలాపురం కేంద్రంగా కోనసీమ జిల్లా ఏర్పడి, అదే ఏడాది డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు పొందింది. తూర్పు గోదావరికి రాజమహేంద్రవరం, పశ్చిమ గోదావరికి భీమవరం కేంద్రాలయ్యాయి. నదికి పడమట ఉన్న కొవ్వూరు, నిడదవోలు తూర్పు గోదావరిలో చేరాయి. దీంతో నదిని సరిహద్దుగా చూసిన 1904 నాటి పద్ధతి అక్కడ సడలి, రాజమండ్రి చుట్టూ రెండు గట్లూ ఒకే కలెక్టరు కిందికి వచ్చాయి. రంపచోడవరం, చింతూరు ప్రాంతాలను పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లాలో కలిపారు. కొత్త జిల్లాకు ఆ వీరుని పేరు పెట్టడం ఎంతో సముచితమైనా, శబరి ఒడ్డు కోయ గూడేల నుంచి పాడేరు ఘాట్ రోడ్ల మీద చాలా దూరమైంది. దగ్గరి కేంద్రం కావాలని ఆ ప్రాంతవాసులు కోరుతూ వచ్చారు.