తవుడు - చేపల మేత

“తవిటికి వచ్చిన చేయే ధనానికీ వస్తుంది” అని మన సామెత. చిన్న దొంగతనానికి ఉదాహరణగా పెద్దలు తవుడునే ఎన్నుకొన్నారంటే, పల్లెటూరిలో దానికంటె చౌక వస్తువు లేదన్న మాట. అటువంటి తవుడు గత అర్ధశతాబ్దిలో కొల్లేటి ప్రాంతపు చేపల పెంపకానికి ఆధారమైనది. ఆ వృత్తాంతం తెలిసికొనదగినది.

వడ్ల పైపొట్టు ఊక; లోపలి గింజను అంటి ఉండే పలుచని పొర తవుడు. పాతకాలపు మరలలో ఊక నలిగి తవుడుతో కలిసిపోయేది. విడిగా వచ్చిన మంచి తవుడులో సైతం నూటికి 15 నుండి 20 పాళ్ళు చమురు ఉండడం వల్ల అది త్వరలోనే ముక్కిపోయేది. ద్రావకంతో నూనె తీసే కర్మాగారాలు ఏర్పడిన మీదట ఈ చిక్కు తీరినది. నూనె తీసిన తవుడు, వ్యాపారుల మాటలో డీఓబీ, నిలువ ఉంటుంది. అందులో మాంసకృత్తులు నూటికి సుమారు 15 పాళ్ళు.

1957 జూలైలో ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి గారు పిట్యూటరీ గ్రంథి సారాన్ని సూదిమందుగా ఎక్కించి, కార్పు జాతి చేపల చేత గుడ్లు పెట్టించినారు. అంతవరకు చేపపిల్లల కోసం నదులపైననే ఆధారపడవలసి ఉండేది. పిల్లలు దొరికిన తరువాత మేత ప్రశ్న వచ్చినది. తవుడు, వేరుసెనగ పిండి సమపాళ్ళలో కలిపి వేయడం వాడుకైనది.

ఆ కాలంలో అన్యదేశాలలో పశువులకు, కోళ్ళకు ఎండుచేపల పొడి విరివిగా వాడేవారు. పెరూ సముద్రంలో 1970లో సుమారు 120 లక్షల టన్నుల చేప పట్టినారు. మితిమీరిన వేటకు 1972లో సముద్రజలం వేడెక్కడం తోడై, 1973 నాటికి అది దాదాపు 20 లక్షల టన్నులకు పడిపోయినది. సముద్రపు చేపను నమ్ముకొన్న మేత ఎంత అస్థిరమో అందరికీ తెలిసివచ్చినది.

కొల్లేటిలో 1970ల చివర సహకార సంఘాల చెరువులు, 1980లలో సొంత చెరువులు విస్తరించినవి. తవుడు నీటిపై చల్లితే గాలికి కొట్టుకొనిపోతుంది. కనుక రైతులు సంచులకు రంధ్రాలు చేసి, తవుడు నింపి, వెదురు గడలకు కట్టినారు. శీలావతి, బొచ్చె చేపలు ఆ రంధ్రాల వద్ద చేరి తినేవి. సంచిలో మిగిలినదానిని బట్టి రైతు చేపల ఆకలిని, ఆరోగ్యాన్ని గ్రహించేవాడు.

కార్పు చేపకు నూటికి 25, 30 పాళ్ళ మాంసకృత్తులు కావలెను గదా, తవుడు ఎట్లు సరిపోయినది? ఇక్కడనే అసలు కీలకం ఉన్నది. ఎరువు వేసిన చెరువులో పెరిగే సూక్ష్మజీవులు ఆ లోటును పూరించినవి. సగం మేత మరది, సగం నీటిది. చేపలను మరీ ఒత్తుగా వదలి, నీటి శక్తిని మరచి, తవుడునే గుమ్మరిస్తే, చేప పెరగదు, నీరు చెడుతుంది.

చెరువులు హద్దు మీరిన ఫలితం కొల్లేరు చూచినది. 2006లో సరస్సులోని చెరువుల గట్లను ప్రభుత్వం తొలగించినది. తవుడు కూడ చౌక వస్తువుగా మిగులలేదు. పశువుల మేత ధరలు పెరిగినవని 2023 జూలైలో కేంద్ర ప్రభుత్వం డీఓబీ ఎగుమతిని నిషేధించినది. పాడి గేదె, కోడి, చేప ఒకే బస్తాకు పోటీదారులైనవి.

బియ్యంతో, మొక్కజొన్నతో ఇథనాల్ తీయగా మిగిలే పిప్పి ఇప్పుడు మేతలోకి వస్తున్నది. బియ్యపు పిప్పిలో మాంసకృత్తులు నూటికి 40 పాళ్ళు దాటుతవి. అయితే అందులో లైసీను తక్కువ. బూజు విషాల భయం కలదు. పరీక్షించి, పాళ్ళు కుదిర్చి వేయవలెను. వ్యర్థమనుకొన్నది సంపద కావడం మంచిదే. చెరువు నీటికి దాని వంతు పని మిగిల్చినప్పుడే ఆ సంపద రైతుకు నిలుస్తుంది.