సాక్ష్యవారము

సువార్త పని అనగానే దూరదేశమునుండి వచ్చు దొరలే మనకు జ్ఞప్తికి వచ్చెదరు. నేటి మహబూబాబాదు జిల్లాలోని దోర్నకలు చరిత్ర వేరు. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు తమ కానుకలతోనే ఒక మిషనరీ సంఘము స్థాపించి, మరుసటి సంవత్సరమే ఇచ్చటికి సేవకుని పంపిరి. 1909లో వచ్చిన అజరయ్యగారు తమిళులు. వారు తెలుగు నేర్చుకొని పల్లెపల్లెకు తిరిగిరి. 1912లో ఆంగ్లికను సంఘమునకు మొదటి భారతీయ బిషప్పుగా అభిషేకము పొందిరి.

వారి కాలములో ఆ అధ్యక్షమండలమందు సాక్ష్యవారములు జరిగెను. చదువురాని కూలిజనులు సైతము జట్లుగా పొరుగూళ్లకు వెళ్లి, పాటలు పాడి, తాము పొందిన మేలును చెప్పిరి. ప్రయాణము కొద్ది దినములదే. అయినను విన్నవారు వారిని ఏడాది పొడుగునను చూచుచుండిన ఇరుగుపొరుగువారు. త్రాగుడు మానెనా, అప్పు తీర్చెనా, ఆలిని ఆదరించెనా అని పరీక్షింపగలవారు. కనుక ఆ సాక్ష్యమునకు బ్రదుకే పూచీ.

నేడు జనగామకుగాని, మహబూబాబాదుకుగాని, భూపాలపల్లికిగాని పది దినముల అతిథులు వచ్చినయెడల, వారిని ప్రేమతో చేర్చుకొందము. మన అన్నము పెట్టుదము, మన కీర్తనలు నేర్పుదము. వారు వెళ్లిపోయిన పిమ్మట ఊరివారు చదువు పత్రిక మనమే. ఆ సంగతి మరువకుందము.