గోల్స్ లెక్కలు: అంకెలను చదవడం ఎలా?

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలో భారత ఫుట్‌బాల్ జట్టు నాలుగో స్థానం పొందింది. ఆస్ట్రేలియాపై 4-2తో గెలిచి, యుగోస్లావియా చేతిలో 1-4తో, బల్గేరియా చేతిలో 0-3తో ఓడింది. మన 5 గోల్స్‌లో 4 నెవిల్ డిసౌజావే. ఈ అంకెలు ఫలితాన్ని చెబుతాయి గాని, ఒక్కో గోల్ వెనుక ఎన్ని షాట్లు, ఎన్ని పాస్‌లు ఉన్నాయో చెప్పవు.

అటువంటి లెక్కను ఇంగ్లండ్‌లో చార్లెస్ రీప్ 1950 మార్చి 18న స్విండన్ జట్టు ఆడిన మ్యాచ్‌లో మొదలుపెట్టాడు. 1968లో బెర్నార్డ్ బెంజమిన్‌తో కలిసి రాసిన వ్యాసంలో సుమారు 10 షాట్లకు ఒక గోల్ వస్తుందని చూపాడు. అత్యధిక గోల్స్ మూడు లేదా అంతకు తక్కువ పాస్‌లతో వచ్చాయి కనుక, బంతిని త్వరగా ముందుకు పంపడమే మేలని వాదించాడు.

ఇక్కడే మీరు జాగ్రత్తపడాలి. సూళ్లూరుపేట స్టేషన్‌లో దిగేవారిలో ఎక్కువమంది చెన్నై లోకల్ రైళ్లలో వచ్చినవారే అనుకుందాం. అంతమాత్రాన లోకల్ రైలు ఎక్స్‌ప్రెస్ కంటే వేగమైనదవుతుందా? కాదు. ఇక్కడ ఎక్కువగా ఆగేవి అవే. అలాగే ఆటలో అత్యధిక ప్రయత్నాలు మూడు పాస్‌లలోపే ముగుస్తాయి. అందుకే గోల్స్ కూడా వాటి నుంచే ఎక్కువ. 2005లో హ్యూస్, ఫ్రాంక్స్ అనే పరిశోధకులు గోల్స్‌ను ప్రయత్నాల సంఖ్యతో భాగించి చూశారు. విజయవంతమైన జట్లకు పొడవైన పాస్ వరుసలే ఎక్కువ ఫలమిచ్చాయని తేలింది.

కనుక చరిత్రలో ఏ అంకె కనిపించినా, ‘మొత్తం ఎన్నింటిలో?’ అని ముందుగా ప్రశ్నించండి.

అభ్యాసం: మీ ఊరి మైదానంలో ఒక మ్యాచ్ చూసి షాట్లు, గోల్స్ విడివిడిగా నమోదు చేయండి.