సిలోను నుంచి ఎఫ్.ఎం. దాకా: తిరుత్తణిలో తెలుగు రేడియో

మన పక్క తెలుగు ఎందుకు తగ్గిందంటే అందరూ 1960 ఏప్రిల్ 1 తేదీనే చెప్తారు. పటాస్కర్ సిఫార్సుల ప్రకారం తిరుత్తణి చిత్తూరు జిల్లాలోనుంచి మద్రాసు రాష్ట్రంలోకి మారిన రోజు అది. నిజమే, బడి మారె, ఆఫీసు మారె. కానీ చెవిన పడే తెలుగు ఆ రోజే ఆగిపోలేదు. అది ఇంకా కొన్నేండ్లు నిలిచిందీ, ఆ తర్వాత పోయిందీ రేడియోకి డబ్బు కట్టేవాళ్ళ వల్లనే అని నా లెక్క.

మద్రాసు ఆకాశవాణి 1938 జూన్ 16న మొదలైంది. 1948లో విజయవాడ కేంద్రం వచ్చేదాకా ఆంధ్ర జిల్లాలకంతా అదే తెలుగు రేడియో. బాలాంత్రపు రజనీకాంతరావు, ‘రేడియో అన్నయ్య’ న్యాయపతి రాఘవరావు ఇద్దరూ అక్కడ పనిచేసినవాళ్ళే. తర్వాత ఒక్కొక్కరే విజయవాడకో హైదరాబాదుకో పోయినారు.

ఆ ఖాళీలోకి వచ్చింది సిలోను. 1952లో కేంద్ర మంత్రి బి.వి. కేస్కర్ ఆకాశవాణిలో సినిమా పాటలకి కత్తెర వేసినాడు. కొలంబోలో అప్పటికే వాణిజ్య ప్రసారం ఉండాది, ప్రకటనలు తీసుకుని పాటలు వేసేవాళ్ళు. జనమంతా అటు తిరిగిపోయినారు. మీనాక్షి పొన్నుదురై గారి తెలుగు పాటల కార్యక్రమం వినని తెలుగిల్లు మా వీధిలో లేదు. షార్ట్ వేవులో గొంతు అలలా పోతా వస్తా ఉండేది, అయినా సెట్టుకి చెవి ఆనించుకుని వినేవాళ్ళం. ఆమె ‘వస్తోంది’ అంటే, మా ఇంట్లో ‘వస్తా ఉండాది’. ‘ఎక్కువ’ అంటే మాకు ‘జాస్తి’. ‘ఎక్కడ’ అంటే ‘యాడ’. మా మాట రేడియోలో ఎప్పుడూ రాలేదు. అయినా తెలుగనేది బయట లోకంలో కూడా ఉండాదని చెప్పింది ఆ గొంతే.

పోయిన జనాన్ని మళ్ళీ తెచ్చుకోవాలని ఆకాశవాణి 1957 అక్టోబరు 3న వివిధ భారతి పెట్టింది. 1967లో బొంబాయిలో మొదలుపెట్టి దాంట్లోకీ ప్రకటనలు తెచ్చింది. తర్వాత మద్రాసుకీ వచ్చినాయి. ఇక్కడే అసలు సంగతి ఉండేది. ప్రకటన సెకన్ల లెక్కన అమ్మే సరుకు. మద్రాసు సబ్బు కంపెనీ తమిళం వినేవాళ్ళకోసం డబ్బు కడతాది గానీ, పళ్ళిపట్టులో తెలుగు మాట్లాడే చెరుకు రైతు కోసం కట్టదు. దీంట్లో ఎవరి కుట్రా లేదు, బ్యాంకులో కూర్చున్నవాడికి ఇది తెలిసిన లెక్కే.

2003లో చెన్నైకి ప్రైవేటు ఎఫ్.ఎం.లు వచ్చినాయి: సూర్యన్, మిర్చి. మొదట్లో లైసెన్సు ఫీజు ఏటా పెరిగేది. మోయలేమని స్టేషన్లు మొర పెట్టుకుంటే, 2005లో దాన్ని ఆదాయంలో నూటికి 4 వంతులుగా మార్చినారు. దాంతో ఊరూరా స్టేషన్లు వచ్చె, అన్నిట్లోనూ అవే కొత్త పాటలు, అదే గడగడ మాట. సొంత వార్తలు చెప్పే హక్కు వాళ్ళకి లేదు కదా, మరేం చేస్తారు?

ఎఫ్.ఎం. అల ఇంచుమించు కంటిచూపు మాదిరి నేరుగా పోతాది, కొండ అడ్డమొస్తే ఆగిపోతాది. అందుకే తిరువళ్ళూరు పూర్తిగా చెన్నై కిందికి పోయింది. తిరుత్తణి నడిమధ్యలో ఉండాది, ఇటు చెన్నై, అటు తిరుపతి. తిరుపతిలో సన్ వాళ్ళ స్టేషను తెలుగులోనే, ముందు ఎస్ ఎఫ్.ఎం., ఆ తర్వాత రెడ్ ఎఫ్.ఎం. ఉత్తరం పక్క ఊళ్ళలో డాబా మీదికి ఎక్కితే గరగరమంటా అందుతాది. ఆ స్టేషనుకి ప్రకటనలిచ్చేది తిరుపతి బట్టలంగళ్ళు, నగలంగళ్ళు. ఆడికి పెండ్లిబట్టలకి మన తిరుత్తణి వాళ్ళూ పోతారు, కానీ వాళ్ళ ప్రకటనల లెక్కలో మనం లేము.