ఇంటి కొలిమి, మన చేతి కత్తి: కొంచెం చరిత్ర



తిరుచానూరు వైపు తమ్ముళ్ళు కొందరు ఈ మధ్య గ్రూపులో ఒకటే అడుగుతున్నారు. "అన్నా, ఇంటి వెనక చిన్న కొలిమి పెట్టుకుని లారీ కమాను పట్టీతో కత్తులు చేసుకోవచ్చా? బాగా కుదిరితే అమ్ముకోవచ్చా?" అని. చేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు. ఎట్ల చేయాలో చూపించే వీడియోలు కూడా కావలసినన్ని ఉన్నాయి. కానీ మనోళ్ళ చేతిలో కత్తి కనబడితే ప్రభుత్వాలు దాన్ని ఏమని పిలిచాయో ఆ వీడియోల్లో ఉండదు. కొలిమి రాజేసే ముందు అది తెలిసి ఉండాలని ఈ పోస్టు. కొంచెం పొడుగే, ఓపిగ్గా చదవండి.

మొదట మన పక్కనే ఉన్న సాక్ష్యం. తిరుచానూరుకు సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, ఏర్పేడు మండలంలో గుడిమల్లం ఉంది. అక్కడి పరశురామేశ్వరాలయంలోని లింగం క్రీ.పూ. 2వ, 1వ శతాబ్దాల నాటిదని చాలామంది చరిత్రకారుల అంచనా. ఆ లింగం మీద చెక్కిన రూపాన్ని ఈసారి పోయినప్పుడు సరిగ్గా చూడండి. ఒక చేతిలో పొట్టేలు, ఇంకో చేతిలో చిన్న పాత్ర, ఎడమ భుజం మీద గండ్రగొడ్డలి. వేటకు పోయి ఇంటికి వస్తున్న మనిషి మాదిరి ఉంటాడు. రెండు వేల ఏళ్ళ కిందట ఇదే నేల మీద భుజాన గొడ్డలి వేసుకున్నవాణ్ణి దేవుడని మొక్కినారు.

మన పనులన్నీ కూడా ఇనుముతో ముడిపడినవే. ఎరుకలలో "దబ్బ ఎరుకల" అనే శాఖ పేరే వెదురు దబ్బల నుంచి వచ్చింది. కత్తి లేకుండా దబ్బ చీలదు, దబ్బ చీలకుండా బుట్ట లేదు, చాట లేదు. యానాదులకు గడ్డపార, చెంచులకు గొడ్డలి, కొండల్లో పోడు చేసేవాళ్ళకు కొడవలి. కొలిమి పని చేసే గిరిజనులూ ఉన్నారు. మన రాష్ట్ర షెడ్యూల్డు తెగల జాబితాలో "కమ్మర" అనే పేరు చూడండి, ఏజెన్సీ ప్రాంతాల్లో ఇనుము సాగగొట్టే తెగ అది. మైదానంలో ఆ పని ఊరి కమ్మరిది. నాగలి కర్రు సరిపించాలన్నా, కొడవలికి కక్కు కొట్టించాలన్నా అందరూ పోయేది ఆ కొలిమి దగ్గరికే. తోలు తిత్తి, దాగలి, సమ్మెట, పట్టకారు, ఒక నీళ్ళ తొట్టి, ఒక సానరాయి. ఇప్పుడు మీరు "హోమ్ వర్క్‌షాప్" అంటున్నది ఇంచుమించు ఇదే.

ఆ చిన్న కొలిమిల నుంచి ఎంత గొప్ప సరుకు వచ్చిందో కూడా తెలియాలి. నేటి నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రంలో రెండు రకాల ఇనుము కలిపి, మట్టి మూసల్లో పెట్టి, మూతి మూసి, గంటల తరబడి కాల్చి ఉక్కు తీసేవాళ్ళు. దానికోసం పర్షియా నుంచి వ్యాపారులు అంత దూరం వచ్చేవాళ్ళు. వాయిసీ అనే ఆంగ్లేయ వైద్యుడు అది కళ్ళారా చూసి రాసిన వివరం 1832లో అచ్చయింది. అంతకు ముందే, 1795లో పియర్సన్, 1819లో ఫారడే లండన్‌లో ఈ ఉక్కును పరీక్షించి చూశారు. వాళ్ళు దానికి పెట్టుకున్న "ఊట్జ్" అనే పేరు మన "ఉక్కు" నుంచే వచ్చిందని చాలామంది పండితులు అంటారు. ఆ ఉక్కులో కార్బన్ సుమారు ఒకటిన్నర శాతం. పదును నిలవడానికి కారణం అదే.

మరి అంత విద్య ఏమైపోయింది? పనితనం తగ్గి కాదు. ఒకదాని తర్వాత ఒకటి మూడు దెబ్బలు పడినాయి.

ఒకటి, సీమ ఇనుము. ఓడల్లో, తర్వాత రైళ్ళలో చౌకగా దిగింది. ఊరి కొలిమిలో ఇనుము కరిగించడం గిట్టుబాటు కాలేదు. అదే రైలు ఉప్పు ఎరుకలను కూడా దెబ్బ తీసింది. గాడిదల మీద, ఎద్దుల మీద ఉప్పు మోసుకుపోయి ఊరూరా అమ్మే బతుకు వాళ్ళది. సరుకు రైలెక్కిన తర్వాత వాళ్ళతో ఎవరికీ పని లేకుండా పోయింది.

రెండు, అడవి చట్టం. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక రిజర్వు అడవిలో అనుమతి లేకుండా చెట్టు కొట్టడం, బొగ్గు కాల్చడం నేరమైంది. బొగ్గు లేని కొలిమి ఉట్టి గుంటే గదా! వెదురు కోసం పోయే ఎరుకలవాడూ, తేనెకు పోయే యానాదీ ఒక్క చట్టంతో తమ అడవిలోనే దొంగలైనారు.

మూడోది అన్నిటికంటే పెద్దది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడింది. అదే ఏడాది నేరస్థ తెగల చట్టాన్ని తిరగరాసి మద్రాసు రాజధానిలో కూడా అమలు చేసే వీలు కల్పించారు. ఉత్తరాదిలో అది 1871 నుంచే ఉంది. ఈ చట్టం మనిషి చేసిన పనిని చూడదు, పుట్టిన కులాన్ని చూస్తుంది. ప్రకటించిన తెగలో పుడితే పేరు రిజిస్టరులో ఎక్కించాలి, వేలిముద్రలు ఇవ్వాలి, చెప్పిన వేళకు హాజరు వేయించుకోవాలి. 1913లో బాపట్ల దగ్గర స్టూవర్టుపురం సెటిల్‌మెంటు పెట్టి ఎరుకల కుటుంబాలను అక్కడికి చేర్చారు. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హెరాల్డ్ స్టూవర్ట్ పేరే దానికి పెట్టారు.

ఆ చట్టంలో ఇంకో మాట ఉండేది. రిజిస్టరైన మనిషి దొంగతనానికి సిద్ధమై ఉన్నాడని కోర్టు నమ్మే పరిస్థితిలో కనబడితే చాలు, 3 ఏళ్ళ దాకా జైలు. ఇప్పుడు ఆలోచించండి. పొద్దుగూకినాక వెదురు మోపుతో, నడుముకు కత్తితో ఇంటికొస్తున్న ఎరుకలాయన ఏ పరిస్థితిలో కనబడినట్టు? రైతు చేతిలో కొడవలి పనిముట్టు. ఆయన చేతిలో కత్తి సాక్ష్యం. "ఇనుముతో కూడితే అగ్నికీ సమ్మెట పోట్లు" అని సామెత. మనకు పడిన పోట్లకు అంతపాటి కారణం కూడా అక్కర్లేదు, ఆ కులంలో పుడితే చాలు.

మద్రాసులో 1947లోనూ, దేశమంతటా 1952 ఆగస్టు 31నా ఆ చట్టం పోయింది. చట్టం పోయినా చూపు అంత తొందరగా మారలేదు. మన పక్కనే చూడండి. 2015 ఏప్రిల్ 7న చంద్రగిరి దగ్గర శేషాచలం అడవిలో పోలీసు కాల్పుల్లో 20 మంది కూలీలు చచ్చిపోయారు. తమిళనాడు కొండల్లోని మలయాళి గిరిజనులు కూడా అందులో ఉన్నారు. గొడ్డళ్ళు, కత్తులు, రాళ్ళతో మీద పడ్డారు కాబట్టి కాల్చామని పోలీసులు చెప్పారు. హక్కుల సంఘాలు ఆ మాట ఒప్పుకోలేదు. ఎర్రచందనం లాభం తిన్నవాళ్ళు ఎవరూ ఆ ఇరవై మందిలో లేరు, కూలికి వచ్చినవాళ్ళే ఉన్నారు.

ఇదంతా చెప్పింది మిమ్మల్ని భయపెట్టడానికి కాదు. కొలిమి పెట్టండి. కానీ ఈ చరిత్ర తెలిసినవాళ్ళుగా పెట్టండి.

చట్టం సంగతి ముందు. ఆయుధాల నిబంధనల్లో 9 అంగుళాల కన్నా పొడుగు, లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు అలుగు ఉన్న కత్తులను ఆయుధాల కింద రాశారు. ఇంటిపనికి, వ్యవసాయానికి, పరిశ్రమకు చేసినవి దాంట్లోకి రావు. కాబట్టి వంటింటి కత్తి, వెదురు చీల్చే కత్తి, కొడవలి చేయండి. సినిమాల్లో చూసిన బాకులూ, వేటకొడవళ్ళూ వద్దు. చేసి ఫోటో పెట్టడం అసలు వద్దు.

రెండోది, దాగలికి బదులు రైలు పట్టా ముక్క వాడమని చాలా వీడియోల్లో చెబుతారు. ఎక్కడో పడి ఉందని తెచ్చుకోవద్దు. 1966 నాటి రైల్వే ఆస్తి చట్టం ప్రకారం అది దొంగసొత్తని అనుమానం వస్తే, సక్రమంగా వచ్చిందని నిరూపించుకోవాల్సింది మనమే. మొదటిసారికే 5 ఏళ్ళ దాకా శిక్ష. పాత ఇనుము అంగట్లో మందమైన ఇనుప దిమ్మె కొనండి, కమాను పట్టీ కొన్నా సరే రసీదు తీసుకోండి. మన ఇంట్లో రసీదు ఉండడం ఎంత అవసరమో పైన చదివినారు గదా.

పని విషయానికొస్తే, కమాను పట్టీలో కార్బన్ అర శాతం పైచిలుకు ఉంటుంది. అందుకే అది పదును పట్టుకుంటుంది, మామూలు ఇనుప కడ్డీ పట్టుకోదు. బొగ్గుకు అడవి అక్కర్లేదు, సర్కారు తుమ్మ బొగ్గు బాగా మండుతుంది. అయస్కాంతం అంటుకోవడం మానేసేదాకా, అంటే సుమారు 770 డిగ్రీలు దాటేదాకా కాల్చి, గోరువెచ్చని నూనెలో ముంచాలి. అప్పుడది గాజు మాదిరి పెళుసుగా ఉంటుంది. దాన్ని మళ్ళీ 200 డిగ్రీల దగ్గర గంటసేపు వేడి చేస్తే పెళుసు తగ్గుతుంది. జింకు పూత ఉన్న పైపులూ రేకులూ కొలిమిలో పెట్టొద్దు, ఆ పొగ పీలిస్తే జ్వరం పట్టుకుంటుంది. కళ్ళకు అద్దాలు, కాళ్ళకు బూట్లు, పక్కన ఇసుక బకెట్టు లేకుండా నిప్పు రాజేయొద్దు.

అమ్మాలనుకుంటే 2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకం ఉంది. అందులోని 18 వృత్తుల్లో కమ్మరి పనీ ఉంది, బుట్టల అల్లికా ఉంది. శిక్షణ రోజుల్లో రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000 రూపాయల దాకా ఇస్తారు. మీ దగ్గరి కామన్ సర్వీస్ సెంటరులో పేరు రాయించుకోండి.

నూరేళ్ళ కింద మన తాతలతో బలవంతంగా రిజిస్టరులో వేలిముద్ర వేయించారు. ఇప్పుడు మీరు వేలిముద్ర వేసేది పనివాళ్ళ జాబితాలో, మీ ఇష్టంతో. మొదటి కత్తి కుదిరితే మీ వీధిలో వెదురు పని చేసే పెద్దమ్మకో, పెదనాయనకో ఇవ్వండి. దబ్బ చీల్చి చూసి, అది బాగుందో లేదో వాళ్ళే చెబుతారు.