చందమామ సాహస ధారావాహికలు

చక్రపాణి, నాగిరెడ్డిగార్ల సంకల్పమున 1947 జూలైలో మద్రాసునందు వెలువడనారంభించిన చందమామ మాసపత్రికకై, దాసరి సుబ్రహ్మణ్యముగారు 1954లో ‘తోకచుక్క’తో మొదలిడి రెండు దశాబ్దములకు పైగా రచించిన అద్భుత సాహస గాథలివి. మాంత్రికులు, రాక్షసులు, శిథిలనగరములు, ఆటవికులు, వింతజంతువులు వీని సామగ్రి. ‘శిథిలాలయము’లోని శిఖిముఖీ విక్రమకేసరులవలె, ‘యక్షపర్వతము’లోని ఖడ్గవర్మ జీవదత్తులవలె, జంటగా సంచరించు యువవీరులు పలుమారు నాయకులు. మాంత్రికుని మాయను కత్తియు, సమయస్ఫూర్తియు, చెలిమియు గెలుచుటయందే వీని ఆకర్షణ ప్రధానముగా నున్నదని చెప్పవలెను. వర్ణనలు మితములు, వాక్యములు సరళములు, సంఘటనలు వేగవంతములు. ఒక్కొక్క భాగము వీరుడేదో యాపదలో చిక్కుకొన్న తరుణమున నిలిచిపోవుటచే, బాలపాఠకుడు నెల పొడుగునను దాని పరిష్కారమును తానే యూహించుకొనుచుండెడివాడు. నీతిబోధకై కథ యెచ్చటను ఆగదు. ఇది వీని గొప్ప గుణము. చిత్రకారులైన చిత్రాగారి బొమ్మలు లేనిచో ఈ లోకము సగమే యగును: ఆ కోటలను, ఆ కోరమీసములను, ఆ వికృతాకారములను పాఠకులు నేటికిని అక్షరములకన్న ముందుగా స్మరింతురు. రచయిత పేరు పత్రికలో ప్రకటితము కాకుండుటచే, పెక్కుమంది కథలను ప్రాణప్రదముగా ప్రేమించియు కర్త నెఱుగక పెరిగిరి.