సోమరి వాయువు

1868 ఆగస్టు 18న గుంటూరులో పట్టపగలే చీకటి పడింది. సంపూర్ణ సూర్యగ్రహణం. మన ముత్తవ్వలు ఊరగాయ జాడీలమీద దర్భలు వేసి, నీళ్ళోసుకున్నవాళ్ళని గదుల్లో పడుకోబెట్టి, విడుపు స్నానం కోసం ఎదురుచూస్తూనే ఉంటారు. సరిగ్గా ఆ వేళకి అదే ఊళ్ళో, ఓ ఫ్రెంచి వర్తకుడి ఇంట్లో, పియరీ జాన్సెన్ అనే శాస్త్రజ్ఞుడు దుర్భిణీకి కన్నానించి నిలబడ్డాడు. సూర్యుడి అంచున లేచే జ్వాలల వెలుగుని విడదీసి చూస్తే రంగురంగుల గీతలు కనబడ్డాయి. బందరులో పోగ్సన్ దొర కూడా ఆ రోజున అదే పని చేశాడు.

ఆ గీతల్లో పసుపుపచ్చది ఒకటుంది. ఉప్పులో ఉండే సోడియం గీతే కాబోలు అనుకున్నారు చాలామంది. ఇంగ్లండులో నార్మన్ లాకియర్ మాత్రం అక్టోబరులో గ్రహణంతో పనిలేకుండానే దాన్ని పట్టి చూసి, కాదు, ఇది మనకి తెలియని వేరే పదార్థం అన్నాడు. గ్రీకులో సూర్యుడి పేరు మీదుగా దానికి హీలియం అని పేరొచ్చింది. విలియం రామ్సే దాన్ని భూమ్మీద, ఒక రాతి ఖనిజంలోంచి పట్టుకునేసరికి 1895 వచ్చింది.

ఈ గుంటూరు గ్రహణానికీ, మా కోడలు పెరటి షెడ్డులోకి కావాలంటున్న టిగ్ వెల్డింగు మిషనుకీ చుట్టరికం ఉందంటే నవ్వకండి.

వీధి చివర గేట్లు చేసే షాపులో మనం చూసేది కడ్డీ వెల్డింగు. కడ్డీయే కరిగి అతుకులో కలిసిపోతుంది. దాని పైపూత కాలి, పొగై, కరిగిన లోహానికి గాలి తగలకుండా కాపాడుతుంది. కరిగిన లోహానికి గాలే శత్రువు మరి. అతుకు గుల్లబారిపోతుంది. టిగ్ పద్ధతి వేరు. టంగ్‌స్టన్ సూదిమొన నుంచి మెరుపు పుడుతుంది గాని సూది కరగదు. టంగ్‌స్టన్ కరగాలంటే 3,400 డిగ్రీలు దాటాలి. పాత గుండు బల్బులో మెరిసే సన్నతీగ ఇదే. ఆ సూది చుట్టూ గొట్టంలోంచి ఒక వాయువు మెల్లగా వస్తూ గాలిని దూరంగా నెడుతుంది. ఆ వాయువు లోహంతో కలవకూడదు, మండకూడదు. అసలు ఏమీ చెయ్యకూడదు.

అలాంటి నిర్వ్యాపారి మన చుట్టూనే ఉన్నాడు. 1785లోనే కావెండిష్ అనే ఆయన గాలిలోని నైట్రోజన్నంతా రసాయనాల్లో కలిపేస్తే, ఎంత చేసినా కలవని చిన్న బుడగ మిగిలింది. మొత్తంలో నూట ఇరవయ్యో వంతుకి మించదని రాసిపెట్టాడు. తర్వాత వందేళ్ళకి పైగా దాని ఊసే లేదు. 1894లో ర్యాలీ ప్రభువూ, ఇందాకటి రామ్సే గారూ కలిసి అది కొత్త వాయువని తేల్చి, ఆర్గాన్ అని పేరుపెట్టారు. గ్రీకులో సోమరి అని అర్థం! మనం పీల్చే గాలిలో ఇంచుమించు నూటికి ఒక వంతు ఈ సోమరే. పెళ్ళింట్లో ఎవరితోనూ కలవని చుట్టం గుమ్మం దగ్గర కాపలాకి పనికొచ్చినట్టు, ఈయన వెల్డింగుకి పనికొచ్చాడు.

అయితే వెంటనే కాదు. 1930లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ వాళ్ళకి చెందిన హోబర్ట్ హీలియంతోనూ, డెవర్స్ ఆర్గాన్‌తోనూ అతుకు వేసే పద్ధతులకి పేటెంట్లు పుచ్చుకున్నారు. వాయువు ఖరీదు చూసి ఎవరూ ముట్టుకోలేదు. యుద్ధం వచ్చింది. నార్త్రప్ అనే విమానాల కంపెనీవారు మెగ్నీషియంతో విమానం చేద్దామనుకున్నారు. చాలా తేలిక లోహం. కానీ వేడిచేస్తే దీపావళి మతాబాలా మండిపోయే రకం! అక్కడి ఇంజనీరు రస్సెల్ మెరెడిత్ టంగ్‌స్టన్ సూదీ హీలియమూ కలిపి, దాన్ని లొంగదీశాడు. 1942లో పేటెంటు వచ్చింది. హీలియంతో మెరుపు గనక ‘హీలియార్క్’ అన్నారు. అమెరికాలో హీలియం నేలలోంచి వచ్చే గ్యాసు బావుల్లోనే దొరికేది. ఇతర దేశాలకి ఆ భాగ్యం లేదు. అందుకని తర్వాత తర్వాత ఆర్గానే నిలబడింది.

ఆ విమానం, ఎక్స్‌పి-56, రెండే రెండు తయారయ్యాయి. మొదటిది 1943లోనే ప్రమాదంలో ముక్కలైంది. విమానం పోయింది గాని అతుకు మిగిలింది.

ఇక్కడే మిషను కొనేవాళ్ళకి పనికొచ్చే మెలిక ఒకటుంది. అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. కానీ దానిమీద గాలికి ఏర్పడే పొర కరగాలంటే 2,000 డిగ్రీలు దాటాలి. కాగిన పాలమీద మీగడలా అది కదలదు, కింద పాలు పొంగిపోతూంటాయి. కరెంటుని ఒక దిక్కున పంపితే ఆ పొర చెదిరిపోతుంది. కానీ సూది కాగిపోయి, టంగ్‌స్టన్ ముక్కలు అతుకులో పడేవి. దిక్కు మార్చితే సూది చల్లగా ఉండేది, పొర మాత్రం అలాగే ఉండేది. చివరికి దిక్కులు మారుతూ పోయే ఏసీ కరెంటుతో చిక్కు విడిపోయింది. ఒక సగం పొరని ఊడ్చిపెడుతుంది, రెండో సగం లోహాన్ని కరిగిస్తుంది.

దుకాణంలో రెండు రకాలు చూపిస్తారు. డీసీ ఒక్కటే ఉన్నది చవక. ఇనుముకీ స్టీలు సామానుకీ చాలు. సత్తు గిన్నెకి పనికిరాదు. ఏసీ, డీసీ రెండూ ఉన్నదాని ధర బాగా ఎక్కువ. మా వారు చవకదాని పక్షం. “అత్తయ్యా, ఇనుమే అతకాలంటే కడ్డీ మిషను చాలదూ? పల్చటి రేకులకీ, అల్యూమినియానికీ కదా ఇది పుట్టిందీ!” అంది మా కోడలు. ఆ పిల్ల మాట సబబే అనిపించింది. పుట్టిందే తేలిక లోహం కోసమైతే, ఆ గుణం తీసేసిన మిషను కొనడం ఏం పొదుపు? ఏ వస్తువులు చేస్తావో కాగితంమీద రాయమన్నాను. కుండీల స్టాండ్లూ, స్టీలు షెల్ఫుతో పాటు అల్యూమినియం నిచ్చెన, సైకిలు ఫ్రేము ఉన్నాయి. ఇంకేం, ఏసీ ఉన్నదే ఖాయం చేశాను.

మిగిల్చింది మరోచోట. 3 మిల్లీమీటర్ల ఇనుముకి 120 ఆంపియర్లు దాదాపు సరిపోతాయి. ఇంటి పనికి 200 ఆంపియర్ల మిషను ధారాళం. పూర్వం ఇవి నలుగురు పట్టి జరపాల్సిన ట్రాన్స్‌ఫార్మర్లు. 1977లో ఫిన్లండు వాళ్ళ కెంపీ కంపెనీ ఇన్వర్టరు మిషను తెచ్చినప్పటినుంచీ తగ్గుతూ వచ్చి, ఇప్పుడు డీసీవి ఒంటిచేత్తో మోసేలా ఉన్నాయి. సూదితో గీకి వెలిగించే రకం కాకుండా, మీట నొక్కగానే దూరాన్నుంచే మెరుపు పుట్టించే హైఫ్రీక్వెన్సీ రకం తీసుకోవాలి. కాలి పెడలు తగిలించడానికి వీలున్నది మరీ మంచిది. కుట్టుమిషను తొక్కినవాళ్ళకి ఈ పని తొందరగా పట్టుబడుతుంది. ఒక చేత టార్చి, రెండో చేత తీగ, కాలి కింద వేడి.

ముసుగు దగ్గర మాత్రం పిసినారితనం పనికిరాదు. ఆ మెరుపు ఒక్క క్షణం చూసినా రాత్రికి కళ్ళల్లో ఇసుక పోసినట్టుంటుంది. పిల్లల్ని ఆ ఛాయలకి రానివ్వకూడదు. 47 లీటర్ల సిలిండరులో సుమారు 7,000 లీటర్ల ఆర్గాన్ పడుతుంది. నిమిషానికి 8 లీటర్ల లెక్కన 14 గంటలు పైన వస్తుంది. ఇది గాలికన్నా బరువు. పల్లపు గదిలో నిండితే మనిషికి తెలియకుండానే ఊపిరాడదు. అందుకని షెడ్డు తలుపు తీసే ఉంచాలి.

ఇంకొకటి. మిషను పూర్తిగా వాడితే 4 కిలోవాట్లు దాటి లాగుతుంది. గ్రైండరు పెట్టుకునే 15 ఆంపియర్ల ప్లగ్గు మూడున్నర కిలోవాట్లకే సరి. మిషనుకి బయానా ఇచ్చేముందే మీటరు దగ్గర్నుంచి షెడ్డుకి వేరే లైను లాగించి, మంచి ఎర్తు వేయించాం. సిలిండరుకి గోడకి కొక్కెం, గొలుసు కూడా కొట్టించాం.